మా సిస్టర్ కొండ

పోయిన ఆదివారం అప్పడాలు వేయిస్తుంటే ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఇంగ్లండ్ నంబరు. "అమ్మ బుధవారం తెల్లవారుజామున నిద్రలోనే పోయింది. మీకు తప్పకుండా చెప్పమని ముందే కాగితం మీద రాసి పెట్టుకుంది" అని. స్టవ్ కట్టేసి అక్కడే స్టూలు మీద కూర్చున్నాను. మావారు వచ్చి ఎవరు పోయారు అని అడిగితే "మా సిస్టర్" అన్నాను. ఆయనకి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది, నాకు అక్కచెల్లెళ్ళు లేరు కదా.

ఆవిడ మా వార్డు సిస్టర్. నేను ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఆసుపత్రిలో వృద్ధుల వార్డులో జూనియర్ డాక్టర్‌గా చేరినప్పుడు ఆ వార్డంతా ఆవిడ చేతుల్లో ఉండేది. పేరు పెట్టి పిలవమని ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. అక్కడ చిన్నాపెద్దా అందరూ పేరు పెట్టే పిలుచుకుంటారు, తప్పేం లేదు, కానీ మా అమ్మకన్నా పెద్దావిడని పేరుతో పిలవడానికి నాకు నోరు రాలేదు. గుంటూరు పెద్దాసుపత్రిలో హౌస్ సర్జన్‌గా ఉన్నప్పటి నుంచి నోటికి అలవాటైన మాట సిస్టర్. వార్డు పెద్ద నర్సుని అక్కడా అదే అంటారు కాబట్టి అదే ఖాయమైపోయింది, ఆవిడ రిటైరయ్యాక కూడా.

సాయంత్రం అటక మీద నుంచి పాత బ్యాగు దింపించాను. ఆకుపచ్చ రంగుది, నడక కోసమని ఆవిడ వాళ్ళమ్మాయిది ఇచ్చింది. జిప్పు తీయగానే ఆ వాసన. పిప్పరమెంటు. పక్క అరలో కెండాల్ మింట్ కేక్ కవరు ఇంకా ఉంది, లోపల ఏమీ లేదు, ఉత్త కాగితం, అయినా వాసన ఉంది. పేరుకి కేకు గానీ అది పంచదార పాకంలో పిప్పరమెంటు నూనె కలిపి గట్టిపరిచిన దిమ్మ, చిన్నప్పుడు నరసరావుపేటలో కొట్లో కొనుక్కున్న పిప్పరమెంటు బిళ్ళని చాక్‌లెట్ సైజులో చేస్తే ఎలా ఉంటుందో అచ్చం అలా. ఆ వాసనతో పాటు ఆ లోయ, ఆ వాగు చప్పుడు, తడిసిన ఉన్ని వాసన, అన్నీ వరస తప్పి ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. వచ్చిన వరసలోనే రాస్తున్నాను.

*

నేను వెళ్ళిన సంవత్సరం 2001. విదేశీ డాక్టర్లు అక్కడ పనిచేయడానికి రాయాల్సిన ప్లాబ్ పరీక్ష పాసై, లండన్ ఈస్ట్ హామ్‌లో ఒక గదిలో నలుగురం సర్దుకుని, రోజూ అప్లికేషన్లు పోస్టులో వేసుకుంటూ నెలలు గడిపాక ఈ ఉద్యోగం వచ్చింది. పెన్రిత్ స్టేషన్లో దిగి టాక్సీ ఎక్కితే దారిలో ప్రతి పొలం గేటు ముందూ రోడ్డుకి అడ్డంగా ఏదో పరిచి ఉంది, దాని మీద నుంచి టైర్లు వెళ్ళినప్పుడు ఫినాయిల్ లాంటి వాసన. గాలికుంటు వ్యాధి. మన పల్లెల్లో పశువులకి వస్తుంది, గిట్టలకి, నోటికి పుళ్ళు అయి కొన్నాళ్ళకి చాలావరకు కోలుకుంటాయి, అంతే నాకు తెలిసింది. అక్కడ మాత్రం ఒక్క పశువుకి వచ్చిందంటే ఆ పొలంలో మందనంతా చంపేస్తున్నారు, చుట్టుపక్కల పొలాల్లోవి కూడా. దేశం మొత్తం మీద ఎక్కువ దెబ్బ తిన్నది ఆ కంబ్రియా జిల్లాయే. దూరంగా పొగ లేస్తుంటే టాక్సీ అతను అద్దం ఎక్కించేశాడు, ఒక్క మాట మాట్లాడలేదు.

కొండలన్నీ మూసేశారు. మనకి కొండని మూయడం అంటే ఏమిటో తెలియదు. ప్రతి కాలిబాట మొదట్లోనూ లోపలికి వెళ్ళకూడదని బోర్డు కట్టారు. చిన్నప్పటి నుంచి ప్రతి ఆదివారం కొండెక్కిన మనిషి మా సిస్టర్, ఆ వసంతమంతా డ్యూటీ గదిలో కిటికీ దగ్గర టీ కప్పు పట్టుకుని నిలబడి బయటికి చూసేది. వాళ్ళ పెదనాన్న గారి కొడుకు మందలో ఒక్కటి కూడా మిగల్లేదని ఇంకో నర్సు చెప్పింది నాకు. ఆవిడ చెప్పలేదు.

తరువాత ఎప్పుడో కొండ మీద చెప్పింది, గొర్రెల గురించి. అక్కడ కొండల పైభాగాన కంచెలు ఉండవు. ఏ మందకి ఆ మంద తన చోటు వదిలిపెట్టి పోదు. దాన్ని హీఫ్ అంటారట. ఆ చోటు ఎక్కడి నుంచి ఎక్కడి వరకో తల్లి గొర్రె పక్కన తిరుగుతూ పిల్ల నేర్చుకుంటుంది, అది పెద్దయి దాని పిల్లకి నేర్పుతుంది, అలా వందల ఏళ్ళుగా. ఎవరైనా పొలం అమ్మితే ఆ కొండ గొర్రెల్ని కూడా పొలంతో పాటే అప్పజెప్పడం ఆనవాయితీ. అందుకే మంద మొత్తం పోతే డబ్బిచ్చి కొత్త గొర్రెల్ని తెచ్చుకోవచ్చు గానీ వాటికి ఆ కొండ తెలియదు, మనిషి కాపలా ఉండి ఏళ్ళ తరబడి నేర్పాలి. "పోయింది మాంసం కాదు, దారి" అంది. నాకు ఆవిడ మాటలు చాలా గుర్తున్నాయి గానీ ఇది మాత్రం గొంతుతో సహా గుర్తుంది.

*

మా వార్డులో ఒక ముసలాయన ఉండేవాడు. కొండ రైతు. మతిమరుపు ముదిరిపోయి నెలల తరబడి మాట లేదు, అన్నం పెడితే నోరు తెరిచేవాడు కాదు. నేను ఆయన ముందు కుర్చీ వేసుకుని ఇంగ్లీషులో ఏవేవో అడిగేదాన్ని, నా యాస ఆయనకి అర్థం కావడం లేదేమో అని టెన్షన్. ఒకరోజు సిస్టర్ వచ్చి పక్కన కూర్చుంది. ఆయన చేతి మీద చెయ్యి వేసి మెల్లగా తడుతూ, "యాన్... టైయాన్... టెథెరా..." అంది. నాకేమీ అర్థం కాలేదు. ఆయన కళ్ళు కదిలాయి. పెదవులు కదిలాయి. "మెథెరా, పింప్" అన్నాడు. తరువాత ఆగలేదు, "సెథెరా, లెథెరా, హొవెరా, డొవెరా, డిక్" అని పది దాకా వచ్చాడు. ఒక్కో లెక్కకీ ఒక స్పూను.

గొర్రెల లెక్క అది. ఇంగ్లీషు రాకముందు ఆ లోయల్లో మాట్లాడిన భాష నుంచి మిగిలిందంటారు, వేల్స్‌లో ఇప్పటికీ ఐదుని దాదాపు అలాగే పలుకుతారు. ఆ రోజు నేను రూముకి వెళ్ళి పుస్తకం చివర తెలుగులో రాసుకుని కంఠతా పట్టాను. మరునాడు నేను మొదలుపెడితే ఆయన నా వైపు చూసి నవ్వాడు. డాక్టర్‌గా ఆ దేశంలో నేను చేసిన మొదటి మంచి పని అదే అనిపిస్తుంది.

అప్పటి నుంచే అనుకుంటా సిస్టర్‌కి నా మీద గురి కుదిరింది. వేసవిలో కొండల దారులు ఒక్కొక్కటే తెరవడం మొదలుపెట్టాక, "ఆదివారం ఏం చేస్తుంటావు?" అని అడిగింది. ఏం చేస్తాను? ఐదు పౌండ్ల కాలింగ్ కార్డు మీద పూత గోకి, నంబర్లన్నీ నొక్కి, ఇంటికి ఫోన్ చేసి, లైను కట్ అయ్యాక గోడ చూస్తూ కూర్చుంటాను. అది చెప్పలేదు. "బట్టలు ఉతుక్కుంటాను" అన్నాను.

"ఉతకడం శనివారం పెట్టుకో" అంది.

*

సిస్టర్‌ది గ్లెన్‌రిడ్డింగ్. అల్స్‌వాటర్ అని ఒక పెద్ద సరస్సు, పన్నెండు కిలోమీటర్ల పొడవు, దాని ఒక చివర ఉన్న పల్లెటూరు. ఆ ఊరి నడుమ నుంచి ఒక వాగు దూకుతూ వచ్చి సరస్సులో కలుస్తుంది, ఆ వాగు వెంట పైకి పోతే లోయ, లోయ తలకాయ మీద హెల్వెలిన్ కొండ. 950 మీటర్లు, ఇంగ్లండ్‌లో ఎత్తులో మూడోది. మనకి హిమాలయాలున్న దేశం, అదేం ఎత్తు అనిపిస్తుంది. నాకూ అనిపించింది, జీన్స్ ప్యాంటు, గుడ్డ బూట్లు వేసుకుని ఆవిడ కారు ఎక్కిన ఆ పొద్దున.

నా బూట్ల వంక ఒకసారి చూసింది, ఏమీ అనలేదు. నేరుగా వాళ్ళింటికి తీసుకెళ్ళి వాళ్ళమ్మాయి బూట్లు, రెండు జతల ఉన్ని మేజోళ్ళు, ప్యాంటు, రెయిన్ కోటు, ఈ ఆకుపచ్చ బ్యాగు నా ముందు పెట్టింది. జీన్స్ తడిస్తే ఆరదు, ఒంట్లో వేడినంతా లాగేస్తుంది, కొండ మీద దానంత చెడ్డ బట్ట లేదు అని చెప్పింది. వాళ్ళాయన అప్పటికే పోయి కొన్నేళ్ళు, ఇంట్లో ఒక్కతే. పొయ్యి దగ్గర ఉన్ని ఆరేసిన వాసన, గోడ మీద నల్ల టోపీలు పెట్టుకున్న మనుషుల పాత ఫోటో ఒకటి.

ఆవిడ నడక నెమ్మది. నేను ముప్ఫై లోపు దాన్ని, మొదటి పావుగంట ఆవిడని దాటి గబగబా వెళ్ళి రాయి మీద కూర్చుని ఆయాసపడేదాన్ని. ఆవిడ అదే నడకతో వచ్చి నన్ను దాటి పోయేది. ఇలా నాలుగుసార్లు అయ్యాక నేను వెనక నడవడం మొదలుపెట్టాను. "మాట్లాడుకుంటూ నడవగలిగినంత వేగమే వేగం" అంది. చేత్తో చూపిస్తూ ఒక్కో మాటా చెప్పేది, బెక్ అంటే వాగు, టార్న్ అంటే కొండ మడుగు, ఫెల్ అంటే కొండ, ఇవి పడవల మీద వచ్చిన నార్వే వాళ్ళ మాటలు. గ్లెన్‌రిడ్డింగ్ మాత్రం వాళ్ళకన్నా పాతది, గొర్రెల లెక్క ఏ భాషదో ఆ భాషది, ఫెర్న్ మొక్కల లోయ అని అర్థమట. చుట్టూ చూస్తే నడుమెత్తు ఫెర్న్ మొక్కలు, కొండ పాదం నుంచి సగం దాకా. పేరు పెట్టినవాళ్ళ భాష ఆ ఊళ్ళో ఎవరికీ రాదు, మొక్క మాత్రం అక్కడే ఉంది.

రాళ్ళ గోడలు కొండ నిట్టనిలువుగా ఎక్కి అవతలికి దిగిపోతుంటాయి. సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి పేర్చడమే. మధ్యలో నల్లటి గొర్రెపిల్లలు. హెర్డ్‌విక్ జాతి పిల్లలు పుట్టినప్పుడు కారు నలుపు, పెరిగే కొద్దీ బూడిద రంగుకి తిరిగి మొహం తెల్లబడుతుంది. ఈ వైపు కొండకి జబ్బు రాలేదని ఆవిడ వాటిని చూసినప్పుడల్లా ఒక్క క్షణం ఆగేది.

*

ఊరికి రెండు కిలోమీటర్లు పైన లోయ ఒక్కసారిగా మారిపోతుంది. పచ్చదనం పోయి బూడిద రంగు రాళ్ళ గుట్టలు, వాటి నడుమ పాత రాతి కట్టడాలు. గ్రీన్‌సైడ్ సీసపు గని. 1962లో మూసేశారు. అంతకుముందు తరాల తరబడి ఆ కొండ కడుపులోంచి సీసం తవ్వారు, ఆ సీసంలో కొంచెం వెండి కూడా ఉండేది. ఇంట్లో గోడ మీద ఫోటోలో మనుషులు అక్కడివాళ్ళే. ఎడమ వైపు నుంచి మూడో అతను వాళ్ళ నాన్న.

అక్కడ ఒక గట్టు మీద కూర్చుని ఫ్లాస్కులో టీ పోసింది. చిన్నప్పుడు షిఫ్టు దిగే వేళకి వాళ్ళమ్మ వాకిట్లో నిలబడేదట, బూట్ల మేకుల చప్పుడు రాళ్ళ దారి మీద గుంపుగా వినిపించేదట, ఆ గుంపులో నాన్న అడుగు ఏదో అమ్మకి తెలిసేదట. 1952లో గని లోపల మంట రేగి, విషవాయువుకి మనుషులు చనిపోయారు. ఆ రోజు చప్పుడు లేకుండా వచ్చారు అని మాత్రం చెప్పింది, నేను ఇంకేమీ అడగలేదు. గని మూసేశాక నాన్న వేరే పనికి వెళ్ళాడు గానీ ఆదివారాలు ఎప్పటిలాగే కూతుర్ని తీసుకుని పైకి వచ్చేవాడు. పదేళ్ళు నేల కింద నుంచి చూసిన కొండని ఇక పై నుంచి చూస్తాననేవాడట. అప్పటికి ఆ గని కట్టడాల్లో ఒకటి యాత్రికుల హాస్టల్. మేం వెళ్ళిన రోజు ఎవరో పిల్లలు అక్కడ బంతి ఆడుతున్నారు.

గని దాటి వాగు మీద చిన్న వంతెన దాటితే దారి రెడ్ టార్న్ వైపు తిరుగుతుంది. ఆ మడుగు 718 మీటర్ల ఎత్తున, కొండ ఒడిలో గిన్నెలా ఉంటుంది. వెనక నిలువు గోడ, హెల్వెలిన్ ముఖం. గోడకి అటూ ఇటూ రెండు చేతులు చాపినట్టు రెండు రాళ్ళ గట్లు, ఎడమది స్ట్రైడింగ్ ఎడ్జ్, కుడిది స్విరల్ ఎడ్జ్. మేం చేరేసరికి ఆ గోడ పై సగం లేదు. మబ్బు కమ్మేసింది. నీళ్ళ అంచున అల చప్పుడు తప్ప ఏమీ లేదు, ఎక్కడో ఒక బొంత కాకి అరుపు.

అక్కడ కూర్చుని పులిహోర పొట్లం విప్పాను. దానికి ఒక కథ ఉంది. చింతపండు ఆ ఊళ్ళో ఎక్కడా దొరికేది కాదు, నెలకోసారి రైలెక్కి ప్రెస్టన్ వెళ్ళి అక్కడ గుజరాతీల కొట్లో కొని తెచ్చుకునేదాన్ని. తెల్లవారుజామున లేచి క్వార్టర్స్‌లో అందరి కామన్ వంటింట్లో ఇంగువ తాలింపు పెడుతూ ఎవరైనా వచ్చి ముక్కు మూసుకుంటారేమో అని కిటికీలన్నీ తెరిచాను. సిస్టర్‌కి ఒక పొట్లం ఇచ్చి, ఎండుమిర్చి తీసి పక్కన పెట్టమని చెప్పాను. ఆవిడ స్పూను లేకుండా నన్ను చూసి నాలాగే చేత్తో తింది. వేరుశనగ గుళ్ళు ఒక్కొక్కటే ఏరుకుని తింది. ఎండుమిర్చి కూడా తింది. కళ్ళలో నీళ్ళు వచ్చాయి గానీ ఆపలేదు.

తిన్నాక లేచి, "పద, దిగుదాం" అంది.

నాకు నమ్మశక్యం కాలేదు. పైదాకా ఇంకా అరగంటో ముప్పావుగంటో. నేను అలిసిపోలేదు, వెళ్ళగలను అన్నాను. నిజం చెప్పాలంటే నా బాధ వేరు. మా నాయనమ్మ ప్రతి శివరాత్రికీ చెప్పులు లేకుండా కోటప్పకొండ ఎక్కేది, నన్ను చేయి పట్టుకుని ఎక్కించేది. దారిలో ప్రతిసారీ గొల్లభామ కథ చెప్పేది. గొల్లభామ ఆనందవల్లి వెంట శివుడు తానే దిగి వస్తాననీ వెనక్కి తిరిగి చూడొద్దనీ చెప్పాడు, పాపం ఆమె తిరిగి చూసింది, స్వామి అక్కడే ఆగిపోయాడు. కొండ మీద వెనక్కి తిరగకూడదు అని నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఉన్న మాట. సగంలో దిగడం అంటే ఏదో అపశకునం లాగా మనసు కీడు శంకించింది.

సిస్టర్ మబ్బు వైపు చూపించింది. గొర్రెలు కిందికి దిగుతున్నాయి చూడు అంది. తరువాత ఇలా అంది. "ఇక్కడ మనకేదైనా అయితే స్ట్రెచర్ మోసుకొచ్చేది జీతగాళ్ళు కాదు. మా ఊరి పిల్లలే. ఒకడు బడిలో పాఠం చెబుతాడు, ఒకడు గోడలు కడతాడు. ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ ముందు అన్నం కంచం ఉంటుంది. నువ్వు ఆ కంచం ముందు నుంచి వాళ్ళని లేపుతావా?" ఆ కొండల్లో రెస్క్యూ టీములన్నీ స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళే, ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది. ఏమీ మాట్లాడకుండా ఆవిడ వెనకే దిగాను. గని దగ్గరికి వచ్చేసరికి వాన. ఊరు చేరేసరికి పైన ఉరుములు.

*

ఆ చలికాలమంతా కొండ గురించి ఫోన్లో విన్నాను. శనివారం సాయంత్రం సిస్టర్ వాళ్ళింట్లో ఒక ఆచారం ఉండేది, వెదర్‌లైన్ అని ఒక నంబరుకి ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు రేపటి కొండ వాతావరణం చెప్పేది. చలికాలంలో రోజూ ఒక మనిషి, వానైనా మంచైనా, హెల్వెలిన్ పైకి వెళ్ళి మంచు ఎంత ఉంది, గాలి ఎంత ఉంది, కాలు ఎక్కడ జారుతుంది చూసి వచ్చి చెబుతాడు. దాని కోసమే పెట్టుకున్న ఉద్యోగం. సిస్టర్ స్పీకర్ పెట్టి పెన్సిలుతో రాసుకునేది, నేను కుర్చీలో కాళ్ళు ముడుచుకుని వినేదాన్ని. ఇప్పుడు అదంతా ఇంటర్నెట్‌లో ఉంది, ఫోటోలతో సహా. గుంటూరులో కూర్చుని ఎండాకాలం కరెంటు పోయినప్పుడు కూడా నేను చూస్తుంటాను. కానీ ఆ గొంతు వేరు, ఇద్దరం మాట్లాడకుండా విన్న ఆ రెండు నిమిషాలు వేరు.

*

మా నాయనమ్మ పోయిందని ఫోన్ వచ్చింది మరుసటి సంవత్సరం శరత్కాలంలో. నైట్ డ్యూటీలో ఉన్నాను. కొత్త ఉద్యోగం కాగితాలు వీసా ఆఫీసులో ఉన్నాయి, పాస్‌పోర్టు నా చేతిలో లేదు, వెళ్ళే దారి లేదు. డ్యూటీ డాక్టర్‌ని పిలిచే బ్లీప్ మోగుతూనే ఉంది, ఒక పేషెంటుకి సెలైన్ ఎక్కించి, ఇంకొకరి గుండె చప్పుడు విని, తెల్లారాక హ్యాండోవర్ ఇచ్చి రూముకి వెళ్ళి పడుకున్నాను. ఏడుపు రాలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా. ఆదివారం పొద్దున క్వార్టర్స్ కింద కారు హారన్. సిస్టర్. ఆవిడకి ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు.

లోయలో ఫెర్న్ ఆకులన్నీ ఎండి ఇటుక రంగుకి తిరిగాయి. వాగు నిండుగా ఉంది. గని దాకా ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు, ఆవిడ ముందు, నేను వెనక, ఆవిడ బూటు పడ్డ రాయి మీదే నా బూటు. రెడ్ టార్న్ దగ్గర ఈసారి ఆకాశం శుభ్రంగా ఉంది, కొండ ముఖమంతా మడుగులో తలకిందులుగా కనిపిస్తోంది.

స్విరల్ ఎడ్జ్ మీద ఎక్కాం. అది నడక కాదు. చివరి భాగం చేతులతో రాళ్ళు పట్టుకుని పాకాలి, రెండు వైపులా లోయ. ఆవిడ "ముందు చెయ్యి, తరువాత కాలు, తరువాత చూపు" అంటూ ఒక్కో రాయీ చూపించింది. ఒకచోట నా కాలు వణికింది, రాయిని కౌగిలించుకుని ఆగిపోయాను. అప్పుడు వచ్చింది ఏడుపు, ఎక్కడ దాచుకుందో అంత ఏడుపు. సిస్టర్ కిందికి దిగి వచ్చి నా వెనక నిలబడింది, నేను జారినా తన మీదే పడేలా. తొందర చేయలేదు. కాసేపటికి మెల్లగా "యాన్" అంది. నేను ఒక రాయి పట్టుకుని "టైయాన్" అన్నాను. అలా పైకి వచ్చాం.

పైకి వచ్చాక ఆశ్చర్యం ఏమిటంటే, అంత రాళ్ళ అంచు ఎక్కి వస్తే శిఖరం బల్లపరుపుగా ఉంటుంది. 1926 డిసెంబరులో జాన్ లీమింగ్, బెర్ట్ హింక్లర్ అనే ఇద్దరు ఆ కొండ నెత్తి మీద విమానం దింపి మళ్ళీ ఎగిరిపోయారు. దానికి గుర్తుగా ఒక రాతి పలక ఉంది. ఇంకో చోట చార్లెస్ గాఫ్ అనే అతని స్మారకం. 1805లో ఒంటరిగా కొండ దాటుతూ పడి చనిపోతే, మూడు నెలల తరువాత గొర్రెల కాపరికి అతని ఎముకలు కనిపించేదాకా అతని కుక్క అక్కడే ఉందట. ఆ కుక్క మీద ఇద్దరు పెద్ద కవులు పద్యాలు రాశారు. సిస్టర్ అది చెబుతూ, "మూడు నెలలు అది ఏం తిందో" అంది, ఆవిడ ఆలోచన ఎప్పుడూ అలాంటి చోటికే పోయేది.

గాలికి అడ్డంగా ప్లస్ గుర్తు ఆకారంలో కట్టిన రాతి గోడ ఉంటుంది అక్కడ, ఎటు గాలి వీస్తే దానికి ఇవతలి మూలలో కూర్చోవచ్చు. మింట్ కేక్ విరిచి సగం నాకిచ్చింది. ఉత్తరాన చాలా దూరంలో నీలంగా స్కాట్లండ్ కొండలు.

"మీ నాయనమ్మ ఏ కొండ ఎక్కేది?" అని అడిగింది.

నేను ఎప్పుడో టీ తాగుతూ చెప్పిన మాట గుర్తుపెట్టుకుంది. కోటప్పకొండ అన్నాను. మళ్ళీ చెప్పమంది. ముక్కలు చేసి చెప్పాను. ఆవిడ మూడుసార్లు పలికి చూసుకుంది, "ప్ప" దగ్గర తప్పిపోతూ. తరువాత ఆ తిరునాళ్ళ గురించి అడిగింది. చిలకలూరిపేట, నరసరావుపేట చుట్టుపక్కల ఊళ్ళ నుంచి తాటిచెట్టంత ఎత్తు ప్రభలు కట్టుకుని బళ్ళ మీద తీసుకొస్తారని, రాత్రి వాటికి రంగు రంగుల లైట్లు వెలుగుతాయని, నాయనమ్మ కింద ప్రభల దగ్గర జీళ్ళు కొనిపెట్టేదని, ఆమె పాదాల పగుళ్ళలో మెట్ల మీది పసుపు కుంకుమ రెండు రోజులైనా పోయేది కాదని, ఎంతసేపు చెప్పానో. ఇంగ్లీషులో చెప్పలేనివి తెలుగులోనే చెప్పేశాను. ఆవిడ ఆపలేదు. మా టీ చల్లారిపోయింది.

దిగేటప్పుడు వేరే దారి, గుర్రాల కోసం వేసిన పాత దారి, మెలికలు తిరుగుతూ కెపెల్ కోవ్‌లోకి దిగుతుంది. అక్కడ గని వాళ్ళకి కరెంటు కోసం కట్టిన ఆనకట్ట 1927లో ఒక రాత్రి తెగి నీళ్ళన్నీ ఊరి మీదికి వచ్చాయి. తరువాత కట్టిన కాంక్రీటుదీ నిలవలేదు, నడుమ కన్నంతో ఇంకా నిలబడి ఉంది. ఆ రాత్రి కథ వాళ్ళమ్మ ద్వారా విన్నదే సిస్టర్ నాకు చెప్పింది. చాలా ఏళ్ళ తరువాత, 2015 డిసెంబరులో డెస్మండ్ తుఫానుకి అదే వాగు మళ్ళీ ఊళ్ళోకి రావడం టీవీలో చూసి ఇక్కడి నుంచి ఫోన్ చేశాను. అప్పటికి ఆవిడకి డెబ్భై దాటాయి. చీపురు పట్టుకుని బురద తోస్తున్నానంది, ఫోన్ పెట్టేయమంది.

*

ఇండియా వచ్చేశాక ఏడాదికి రెండు ఉత్తరాలు, తరువాత తరువాత మెసేజ్‌లు. ఒకసారి వెళ్దాం, మా పాపకి ఆ లోయ చూపిద్దాం అనుకుంటూనే ఉన్నాను. నర్సింగ్ హోము, అత్తగారి ఆరోగ్యం, పాప టెన్త్, కోవిడ్. వెళ్ళలేదు. దానికి సాకులు చెప్పను.

నిన్న వాళ్ళమ్మాయి మళ్ళీ మెసేజ్ పెట్టింది. సిస్టర్ తన నడకలన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకునేదట, చిన్నప్పుడు నాన్నతో వెళ్ళినప్పటి నుంచి. నాకు తెలియదు ఆ సంగతి. రెండు పేజీలు ఫోటో తీసి పంపింది. పెన్సిలు రాత, వార్డులో కేసు షీట్ల మీద చూసిన అదే రాత. మొదటిది, "రెడ్ టార్న్ దాకా. మబ్బు. దిగిపోయాం. డాక్టర్‌కి ఇష్టం లేదు. పసుపు అన్నం చాలా బాగుంది." రెండోది, "హెల్వెలిన్, స్విరల్ మీదుగా. ఎండ. స్కాట్లండ్ కనిపించింది. డాక్టర్ నాయనమ్మ కూడా వచ్చింది." దాని కింద ఇంగ్లీషు అక్షరాల్లో, రెండుసార్లు కొట్టేసి మూడోసారి సరిగ్గా, కోటప్పకొండ.

వసంతం వచ్చాక, గొర్రెలు ఈనే రోజుల్లో, అస్థికలు గని పైన వాగు దగ్గర కలుపుతారట. ఆ రోజు పైకి అమ్మ ఇష్టపడినవన్నీ తీసుకెళ్దామనుకుంటున్నాం, ఇంతకీ ఈ పసుపు అన్నం ఏమిటి, ఎలా చేస్తారు అని అడిగింది.

రాత్రి పాప నిద్రపోయాక కూర్చుని రాశాను. అన్నం పొడిగా వండి ఆరబెట్టాలని, చింతపండు నానబెట్టి చిక్కగా గుజ్జు తీయాలని, పసుపు ఎప్పుడు వేయాలో, ఇంగువ ఎంత వేయాలో, తాలింపు పెట్టేటప్పుడు కిటికీలు తెరవాలని. వేరుశనగ గుళ్ళు ఎక్కువ వేయమన్నాను, ఆవిడ ఏరుకుని తినేది. ఎండుమిర్చి తీసేయొద్దన్నాను. చింతపండు ప్రెస్టన్‌లో దొరుకుతుందని రాసి, పంపేముందు ఆ వాక్యం కొట్టేసి, నేను తీసుకొస్తానని రాశాను.